యాభై నాలుగు కిలోలు

తలుపు మూసుకుంది. రెండు రెక్కల తలుపు, అడుగున రబ్బరు పట్టీ నేలకి రాసుకుని కీచుమంది, అక్క లోపల, నేను బయట, నా ఒళ్ళో వాళ్ళు విప్పి ఇచ్చిన అక్క చొక్కా, భుజాన కాగితాల సంచి, ఎదురుగా గోడగడియారంలో పదీ ఏడు నిమిషాలు. కూర్చోండమ్మా, పిలుస్తారు, అంటున్నాడు గార్డు. కూర్చున్నాను. ఈ కుర్చీ నాకు తెలుసు, అంచు పగిలి తొడని గిల్లే కుర్చీ, నెలన్నరలో ముచ్చటగా మూడోసారి ఇందులో కూర్చోవడం. మొదటిసారి న్యుమోనియా అన్నారు, పదకొండు రోజులు ఉంచుకున్నారు. ఇంటికొచ్చి తొమ్మిది రోజులు తిరక్కుండానే ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, నాలుగు రోజులు. మళ్ళీ ఇల్లు, పదిహేడు రోజులు, మళ్ళీ ఇదిగో ఇక్కడ, మళ్ళీ నీరే. ఎవరూ చెప్పక్కర్లేదు, టాక్సీలో నా భుజానికి ఆనుకుని కూర్చున్నప్పుడే విన్నాను, ఊపిరి లోపలికి వెళ్తున్నప్పుడల్లా ఎక్కడో అడుగున ఏదో మరుగుతున్నట్టు గుడగుడ, పెదవులు నేరేడుపండు రంగు, డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి ఇక హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా, ఇంకా ఎర్రగానే ఉన్నాయి నాలుగు నెలవంకలు. ఊపిరి, అంది, ఆగింది, ఆడట్లేదే, అంది. ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చున్న మనిషి, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి ఎంత ఆలస్యంగా వస్తోందో ఏ ఏ ఊళ్ళలో ఆగుతుందో ఒక్క ఊపిరిలో చెప్పేసే మనిషి, మా వీధిలో పిల్లలు ఆమెని స్టేషనక్క అనేవాళ్ళు, ఆ గొంతు ఇవాళ రెండు మాటలు కలిపి మొయ్యలేకపోయింది.

లోపల ఏం చేస్తున్నారు, మాస్కు పెట్టి ఉంటారు, గాలిని బలవంతంగా తోసే మాస్కు, పోయినసారి దాన్ని పీకేసుకోబోతే నేనే చేతులు పట్టుకున్నాను, ఈసారి ఎవరు పట్టుకున్నారు, ఎడమ చెయ్యి మాత్రం పట్టుకోకండి, ఆ చేతికి సూది గుచ్చకండి, బీపీ పట్టీ కట్టకండి, చెప్పానా లేదా, చెప్పాను, స్ట్రెచర్ వెంట పరిగెడుతూ చెప్పాను. ఎడమ మోచేతి దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు నాలుగేళ్ళ కిందట, కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసిన ఏడాది, అప్పట్నించి వారానికి మూడుసార్లు మా ఇంటికి రెండు వీధుల అవతల డయాలసిస్ సెంటరులో నాలుగేసి గంటలు ఆ చేతిలోంచే రక్తం బయటికి పోయి శుభ్రపడి తిరిగొస్తుంది. అక్కడ చెవి ఆనిస్తే రొద వినిపిస్తుంది. తుమ్మెదని మింగానే, అని నవ్వేది. ఆ చెయ్యి కోసమే ఆమె చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి భుజందాకా విప్పదీసి టిచ్ బటన్లు కుట్టాను, టకటకా విప్పితే చెయ్యి బయటపడుతుంది, చలికి వణుకుతూ చొక్కా మొత్తం విప్పక్కర్లేదు. సెంటరులో తక్కినవాళ్ళు చూసి మాకూ మాకూ అన్నారు, పదకొండు మందికి కుట్టిచ్చాను. నేను దర్జీని, చిల్లర దర్జీని, కొత్తవి కుట్టేది తక్కువ, వదులైనవి బిగించడం, బిగుతైనవి వదలడం, పొట్టివి పొడుగు చెయ్యడం, ఇరవై రెండేళ్ళుగా అదే పని. తలుపు తెరుచుకుంది.

చిన్న డాక్టరు. పోయినసారి కూడా ఇతనే, కళ్ళకింద నల్లటి వలయాలు, చేతిలో అట్టకి గుచ్చిన కాగితం, నావైపు చూడకుండానే అడిగాడు.

"రోజుకి నీళ్ళు ఎంత తాగుతున్నారావిడ?"

"ముప్పావు లీటరండీ. సీసాకి గీతలు గీసి నేనే పోసిస్తాను."

"అందరూ ఇదే అంటారమ్మా. ఆవిడ ఊపిరితిత్తులు నిండిపోయున్నాయి, గాలికి చోటు లేదు. నెలన్నరలో మూడోసారి. ఇలా వస్తూ పోతూ ఉంటే ఒకసారి రావడానికి టైముండదు, అర్థమవుతోందా?"

"అవుతోందండీ."

"మిషను పదకొండుకి ఖాళీ అవుతుంది, వెంటనే పెట్టేస్తాం. సెంటరులో డ్రై వెయిట్ ఎంతకి దింపుతున్నారు?"

"యాభై నాలుగు," అన్నాను, ఎవరైనా మన పేరు అడిగితే చెప్పినట్టు, ఆలోచించకుండా. ఒంట్లో అదనపు నీరంతా మిషను తీసేశాక మిగలాల్సిన బరువు అది.

రాసుకున్నాడు. ఆ కిందనే ఇంకో ముక్క రాశాడు, తలకిందులుగా అయినా చదవగలిగాను, ద్రవ నియమం పాటించడం లేదు, తలుపు కీచుమంది, వెళ్ళిపోయాడు.

పాటించడం లేదు. నేను నిన్న అదే అన్నాను కదా అక్కని, ఇంతకన్నా అన్యాయంగా అన్నాను. నిన్న సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చేసరికి మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని దగ్గుతోంది, పడుకుంటే ఊపిరాడదని వారం నుంచీ కూర్చునే కునుకు తీస్తోంది, అంతకుముందు రోజే డయాలసిస్ అయింది, యాభై నాలుగుకి దింపారు, మరి ఈ నీరు ఎక్కణ్ణించి. సీసా చూశాను, అందులో గీత దాటలేదు. గీత దాటకపోతే నాకు కోపం ఇంకా పెరిగింది, అంటే నాకు కనబడే నీళ్ళు నాకోసం, దొంగతనంగా తాగే నీళ్ళు వేరే. బాత్రూంలోకెళ్ళి మగ్గు అడుగు తడిమాను, తడిగా ఉంది, మగ్గు తడిగా ఉండక పొడిగా ఉంటుందా, కానీ నాకు అది చాలు. పరుపు ఎత్తి చూశాను, బీరువా వెనక చూశాను, పూలకుండీల్లో మట్టి తడి చూశాను, దేనికి చూశానో నాకే తెలీదు, మా అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి గదిని దొంగ ఇల్లు సోదా చేసినట్టు చేశాను, ఆవిడ దిండ్ల మీంచి చూస్తోంది. నేను తాగలేదే చిట్టీ, అంది. తాగకపోతే, అన్నాను, నీ గుండెల్లోకి నీళ్ళెవరు పోశారు, నేనా? మామూలుగా ఒకటంటే పదనే మనిషి గోడవైపు తిరిగింది, నేను వంటగదికి తాళం వేశాను. తాళం. ఆ తాళంచెవి ఇప్పుడు కూడా నా సంచిలోనే ఉంది, కాగితాల కింద, కదిలితే చప్పుడవుతోంది.

పదీ ఇరవై ఒకటి. ముల్లు కదలదు, చూస్తుంటే అసలు కదలదు. సెంటరులో ఏడో నంబరు కుర్చీ పెద్దాయన గుర్తొస్తున్నాడు, ఎప్పుడూ నల్లకోటు వేసుకొచ్చే రిటైర్డు సర్వేయరు, అక్కకీ ఆయనకీ రోజూ రైళ్ళ మీద పోట్లాట, అప్పట్లో మీ అనౌన్సుమెంటు నమ్మి మూడు గంటలు కూర్చున్నానండీ అని ఆయన, బండి లేటయితే నేను తొయ్యనా అని ఈవిడ, అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయన కూడా ఇలాగే, ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు, చెంపలు లోపలికి పోయాయి, రెండోసారి వెళ్ళొచ్చాడు, కోటు వేలాడింది, వెళ్ళొచ్చిన ప్రతిసారీ కాస్త మనిషిని అక్కడే వదిలేసి వచ్చినట్టుండేవాడు, మూడోసారి వెళ్ళాడు. కుర్చీ రెండు వారాలు ఖాళీగా ఉంది, తరవాత వేరే ఎవరో కూర్చున్నారు, అక్క ఆ రోజు నాలుగు గంటలూ కళ్ళు మూసుకునే ఉంది. కోటు వేలాడింది. ఆ కోటు నాకు ఇచ్చాడు బిగించమని, నేను భుజాలు కొలిచి, మీరు ఇంత తగ్గారేంటి బాబాయ్ గారూ అన్నాను, ఆయన నవ్వి, అదేం లేదమ్మా, తూకం చూడు, కిలో కూడా తగ్గలేదు, అన్నాడు.

కిలో కూడా తగ్గలేదు.

నా వేళ్ళు ఏం చేస్తున్నాయి. నా ఒళ్ళో అక్క చొక్కా, పక్క కుట్టు మీద నా బొటనవేలు వెళ్తోంది వస్తోంది, ఎప్పట్నించో, ఇక్కడ కూర్చున్నప్పట్నించీ అనుకుంటా, అలవాటు, చేతికి గుడ్డ దొరికితే ఊరుకోవు. కుట్టు మందంగా ఉంది. లోపలివైపు తిప్పితే రెండు వరసలు, నేను వేసినవే, మొదటిసారి ఆసుపత్రి నుంచి వచ్చాక వేలున్నర మడిచి ఒక వరస, చంక దగ్గర్నించి తుంటిదాకా, రెండోసారి వచ్చాక దానిలోపల ఇంకో వేలు మడిచి ఇంకో వరస, నీలం సుద్ద గీత ఇంకా పోలేదు. రెండు వైపులా కలిపితే ఐదు వేళ్ళు. భుజాలు కూడా దింపాను. కుడిచెయ్యి మోచేతి పైన ఎంత సన్నబడిందంటే గొట్టంలో కర్రలా ఊగేది గుడ్డలో. న్యుమోనియాలో పదకొండు రోజులూ నాలుగు చెంచాల గంజి కూడా పోలేదు లోపలికి, కండంతా కరిగిపోయింది, నేనే కదా అనుకున్నాను సుద్ద పెడుతూ, పాపం కండంతా పోయింది అని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని అనుకున్నాను. ఐదు వేళ్ళ మనిషి పోయింది. మరి తూకం? సెంటరులో డయాలసిస్ అయ్యాక బల్ల తూకం ఎక్కిన ప్రతిసారీ, నాలుగేళ్ళుగా, న్యుమోనియాకి ముందూ, తరవాతా, నిన్నగాక మొన్న కూడా, యాభై నాలుగు. కండ ఎంత లేదన్నా మూడు కిలోలు పోయుంటుంది, తూకం యాభై ఒకటి కావాలి. కాలేదు. యాభై నాలుగుకి దింపాం అమ్మా, అంతా బాగుంది, ఇంటికెళ్ళండి. ఆ మూడు కిలోల చోట్లో ఏముంది?

నీళ్ళు. ఆవిడ తాగిన నీళ్ళు కావు. తియ్యకుండా వదిలేసిన నీళ్ళు.

అయ్యో.

సంచి బోర్లించాను, తాళంచెవి నేల మీద పడి టంగుమంది, గార్డు తిరిగి చూశాడు, కాగితాలు, రక్తపరీక్షలు, మందుల చీటీలు, ఎక్స్‌రే, ఇదిగో రెండోసారి పంపేసినప్పుడు ఇచ్చింది, రెండు పేజీలు, మొదటి పేజీలో మందులు, వాటినే చదివాను, సెంటరులో నర్సు పిల్ల అడిగింది కదా, ఏమైనా మార్పులున్నాయా ఆంటీ అని, ఒక బీపీ మాత్ర మారిందమ్మా అన్నాను, కాగితం చూపించనా అని నేను అడగలేదు, చూపించండి అని ఆ పిల్లా అడగలేదు, అప్పటికే గొట్టాలు తగిలిస్తోంది, రద్దీగా ఉంది, రెండో పేజీ, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్ళజోడు ఏదీ, తల మీదే ఉంది. పంపే రోజు బరువు యాభై ఒకటి పాయింట్ ఆరు. కింద ఒక వాక్యం. డ్రై వెయిట్ తగ్గించవలెను, డయాలసిస్ సెంటరుకి తెలియజేయవలెను. వలెను. ఎవరు? ఎవరు తెలియజేయవలెను? ఇక్కడివాళ్ళు నీరు తీశారు, కొత్త బరువు కాగితం మీద పెట్టారు, నా సంచిలో పెట్టారు, నేను పదిహేడు రోజులు భుజాన వేసుకుని తిరిగాను, ఆ సంచిని సెంటరులో అక్క కుర్చీకే తగిలించాను, ఏడుసార్లు, తూకానికి నాలుగడుగుల దూరంలో. నీ గుండెల్లోకి నీళ్ళెవరు పోశారు, నేనా? అవునే అక్కా. నేను కూడా. అదీ కాక ఇప్పుడే, గంట కూడా కాలేదు, అతను అడిగితే చిలకలా చెప్పాను, యాభై నాలుగు, అతను రాసుకున్నాడు, పదకొండుకి మిషను, యాభై నాలుగుకి దింపుతారు, కాస్త తేరుకుంటుంది, ఇంటికి పంపుతారు, మూడు కిలోల నీళ్ళు లోపలే పెట్టి, నాలుగోసారికి. నాలుగోసారి రావడానికి టైముండదు.

పదీ యాభై రెండు. లేచాను. గార్డు చెయ్యి అడ్డంపెట్టాడు, పిలుస్తారమ్మా అంటున్నాడు, బాబూ ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను, రూలు కాదమ్మా, నాకు తెలుసు రూలు కాదని, నేను అతని చేతికింద నుంచి దూరాను, యాభై ఏడేళ్ళ దాన్ని, ఎలా దూరానో తెలీదు, తలుపు కీచుమంది, తెల్లటి వెలుగు, నాలుగు మంచాలు, మూడో దాని మీద అక్క, ముఖం సగం మాస్కు, కళ్ళు రెండే కనబడుతున్నాయి, అవి నన్ను చూశాయి. మిషను పక్కనే నిలబెట్టారు, ఒకాయన మీటలు నొక్కుతున్నాడు, చిన్న డాక్టరు అట్ట చూసి అంకెలు చెబుతున్నాడు.

"ఆగండి," అన్నాను, "యాభై నాలుగు కాదు."

"అమ్మా, మీరు బయట ఉండాలి."

"తప్పు చెప్పానండీ. అది పాత బరువు. ఈవిడ మూడు కిలోలు తగ్గిపోయింది, ఇదిగో చూడండి," అని చొక్కా చాపాను, మాట దొరక్క, కాగితం ఇవ్వాల్సింది పోయి చొక్కా చాపాను.

"బట్టలు సిస్టరుకివ్వండమ్మా. ముందు బయటికి వెళ్ళండి, ప్లీజ్."

"బట్టల గురించి కాదు బాబూ! రెండుసార్లు బిగించాను దీన్ని నేను, ఐదు వేళ్ళు, మనిషి ఇంత చిక్కిపోతే తూకం ఎలా నిలబడింది చెప్పండి. ఆవిడ నీళ్ళు తాగలేదు. తాగలేదు ఆవిడ!"

ఎంత గట్టిగా అరిచానో, రెండో మంచం మీద ఎవరో ఉలిక్కిపడి తల తిప్పారు. గార్డు నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు మంచం అవతలి నుంచి పెద్ద నర్సమ్మ వచ్చింది, జుట్టంతా తెల్లబడ్డ మనిషి, చొక్కా నా చేతిలోంచి తీసుకుని లోపలివైపు తిప్పి రెండు వరసల కుట్టూ చూసింది, అక్క కుడిచెయ్యి పైభాగం తన వేళ్ళతో చుట్టి పట్టుకుంది, బొటనవేలూ నడిమివేలూ కలిశాయి. వదిలెయ్, ఉండనీ అంది గార్డుతో. అప్పుడు నాకు కాగితం గుర్తొచ్చింది, రెండో పేజీ, ఇచ్చాను, ఆవిడ చదివి చిన్న డాక్టరుకి ఇచ్చింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. అతని మెడ కింద నుంచి పైకి ఎర్రబడడం చూశాను, అతని మీద కోపం రావాలి నాకు, రాలేదు, నేనూ అదే కాగితాన్ని మోశాను కదా. అతను ఫోను తీసి మూలకి వెళ్ళాడు, సార్ అంటున్నాడు, అవును సార్, పాతదే వాడుతున్నారు సార్, ఈ రెండు ముక్కలు మాత్రం వినిపించాయి. మిషను దగ్గరాయన మీట మీద వేలు పెట్టి ఆగి ఉన్నాడు. అక్క ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఎంతసేపు, నిమిషమా, రెండా, మరుగుతున్న ఆ చప్పుడు మాస్కు దాటి వస్తోంది, మాట్లాడండి త్వరగా, ఎంతసేపు మాట్లాడతారు.

"యాభై ఒకటి," అన్నాడు అతను తిరిగొచ్చి. "ఒక్కసారే కాదు. ఇవాళ కొంత, రేపు మళ్ళీ పెట్టి మిగతాది. బీపీ చూసుకుంటూ." తరవాత నావైపు, మొదటిసారి నా ముఖంలోకి చూసి, "సెంటరుకి నేనే ఫోన్ చేస్తానమ్మా. కాగితం కూడా నేనే పంపిస్తాను," అన్నాడు, అట్ట మీద ఆ ముక్కని కొట్టేశాడు, ఒక్క గీత కాదు, కాగితం చిరిగేలా నాలుగైదు గీతలు.

నన్ను బయటికి పొమ్మని మళ్ళీ ఎవరూ అనలేదు. స్టూలు ఇచ్చారు. గొట్టాలు ఎర్రబడ్డాయి, మిషను చక్రం తిరగడం మొదలెట్టింది, తెర మీద ఒక మూల తీసిన నీటి లెక్క, యాభై మిల్లీలీటర్లు, నూట ఇరవై, నాకు దాని మీదే చూపు, మూడు వందలు, పో, బయటికి పో, ఐదు వందల నలభై, బీపీ పట్టీ ప్రతి పదిహేను నిమిషాలకీ బిగుసుకుని వదులుతోంది, ఒకసారి అంకె బాగా దిగింది, గంట మోగింది, ముగ్గురు ఒకేసారి వంగారు, వేగం తగ్గించారు, అంకె మెల్లగా పైకి లేచింది. ఏడు వందలు. తొమ్మిది వందల దగ్గర అనుకుంటా, అక్క భుజాలు ఎగరడం ఆపాయి, మెడ మీద తాళ్ళలా లేచిన నరాలు చర్మంలోకి దిగాయి, పన్నెండు వందల దగ్గర పెదవుల రంగు మారింది, మారిందా, నా భ్రమా, కాదు మారింది, పెద్ద నర్సమ్మ కూడా చూసింది, మాస్కు తీసి ముక్కుకి సన్న గొట్టం పెట్టింది. చెవి దగ్గరికి వంగి విన్నాను. ఊపిరి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మరిగే చప్పుడు సన్నబడింది, ఎక్కడో పక్కింట్లో మరుగుతున్నట్టుంది.

అక్క కళ్ళు తెరిచే ఉంది. పైకప్పు వైపు చూస్తోంది, నావైపు కాదు. ఎంతసేపట్నించి తెరిచి ఉందో, నేను అరిచింది విందో లేదో, విని ఉంటుంది, ఆసుపత్రంతా వింది. ఏదో ఒకటి అనాలి నేను, పరుపు ఎత్తి చూసిన సంగతి, తాళం సంగతి, సంచి సంగతి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక ఆవిడ దుప్పటి అంచు సర్దుతున్నాను, సర్దినదాన్నే మళ్ళీ సర్దుతున్నాను.

"అక్కా," అన్నాను, "తప్పయిపోయిందే. నన్ను క్షమించు."

చక్రం తిరుగుతోంది. పదమూడు వందల ఎనభై. ఈ మనిషి నన్ను క్షమించకపోతే, అనుకున్నాను, న్యాయమే. అలాగే ఉండిపోతుంది, ఇంట్లో ఇద్దరమే, మాట లేకుండా, సీసా మధ్యలో పెట్టుకుని. రక్తం బయట తిరిగొస్తుంటే ఆవిడకి చలి పుడుతుంది ఎప్పుడూ, దుప్పటి కింద సన్నగా వణుకు మొదలైంది.

"చిట్టీ," అంది, ఇంకా పైకప్పు వైపే చూస్తూ.

"ఆఁ అక్కా."

"క్షమించడం సంగతి... తరవాత చూద్దాంలే." ఊపిరి తీసుకుంది. "ముందు కాళ్ళు పట్టుకో. మంచుగడ్డల్లా ఉన్నాయి."

స్టూలు జరుపుకుని మంచం చివరికి వెళ్ళాను. దుప్పటి కింద చేతులు పెట్టి పట్టుకున్నాను.